అమ్మ దగ్గర ఎవరుండాలి?

దూరాన ఉన్న పిల్లలు కృష్ణా డెల్టాలోని తల్లిదండ్రులకు ఇంటి దగ్గరే సంరక్షణ ఏర్పాటు చేసుకోవడం ఎలా? ఒక విశ్లేషణ

"నాన్నకి ఒక మనిషిని పెట్టాలండీ. మీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా?"

డల్లాస్ నుంచో, మెల్‌బోర్న్ నుంచో, పక్కనున్న హైదరాబాద్ నుంచో విజయవాడలోని బంధువులకు, పాత ఇరుగుపొరుగుకు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఫోను వచ్చేసరికే ఇంట్లో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. తండ్రి బాత్రూములో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుని ఉంటాడు. పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన తల్లిని ఎల్లుండి డిశ్చార్జి చేస్తామని చెప్పి ఉంటారు. లేదా ఇన్నేళ్లుగా ఆయన్ని చూసుకుంటున్న ఆవిడే మంచం పట్టి ఉంటుంది. ఆ కంగారులో ఎవరు దొరికితే వాళ్లని పెట్టేస్తారు. రెండు వారాలకు ఆ మనిషి మానేస్తుంది. ఫోన్లు మళ్లీ మొదలవుతాయి.

మనిషిని వెతకడానికి ముందు తేల్చుకోవలసినవి మూడున్నాయి. పెద్దవారికి ఏ పనిలో ఎంత సాయం కావాలి? ఊళ్లోనే ఉండి నిర్ణయం తీసుకోగలిగేది ఎవరు? ఈ ఏర్పాటు గురించి పెద్దవారు ఏమంటున్నారు? ఈ మూడూ తేలాక పెట్టిన మనిషి నిలుస్తుంది. తేలకుండా పెట్టిన మనిషి ఎంత మంచిదైనా నిలవడం కష్టం.

డెల్టాకు ఈ చిక్కు ఎలా వచ్చింది?

1850ల్లో బెజవాడ దగ్గర కట్టిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ నేలను మాగాణి చేశాయి. ఆ పంట డబ్బు పిల్లల చదువైంది. చదువు పిల్లల్ని హైదరాబాద్‌కు, బెంగళూరుకు, అక్కణ్ణుంచి అమెరికాకు, ఆస్ట్రేలియాకు తీసుకెళ్లింది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా పుట్టింది 1977లో. అంటే ఈ వలసకు ఇప్పుడు రెండు తరాల వయసుంది. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగింది.

పిల్లల సంఖ్య కూడా తగ్గింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. వెనకటి ఇళ్లలో నలుగురైదుగురు సంతానంలో ఒకరైనా ఊళ్లో మిగిలేవారు. ఇప్పుడున్న ఇద్దరూ విమానమెక్కితే ఇంట్లో మిగిలేది ఇద్దరు పెద్దవాళ్లు. వారిలో ఒకరు పోతే మిగిలేది ఒక్కరే. దేశంలో 60 ఏళ్లు దాటినవారు 2011 జనగణనలో 8.6 శాతం. 2050 నాటికి వారు 20.8 శాతం అవుతారని, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరని, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నాటి నివేదికలో అంచనా వేసింది. 2024 నవంబరులో మన శాసనసభ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తివేయడం వెనక ఉన్నదీ ఈ దిగులే.

అందుకే ఇది ఫలానావారి పిల్లల తప్పు అని అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పుకుంటే తెమిలే సంగతి కాదు. తల్లిదండ్రుల్ని వెంట తీసుకెళ్లడమూ అందరికీ కుదరదు. విజిటర్ వీసా మీద అమెరికా వెళ్లిన పెద్దలు సాధారణంగా ఆరు నెలలకు మించి ఉండలేరు. గ్రీన్‌కార్డు వచ్చినా, అక్కడ పని చేసిన చరిత్ర లేనివారు డబ్బు కట్టి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరాలంటే ఐదేళ్లు వరసగా ఉండాలి. పైగా తెలిసిన మొహం ఒక్కటీ కనిపించని వీధిలో రోజంతా గడపడం చాలామంది పెద్దలకు శిక్షే. వాళ్లు తమ ఇంట్లోనే ఉంటామంటారు. ఆ కోరిక న్యాయమైనదే. నెరవేర్చడానికి దారులూ ఉన్నాయి.

ముందు అవసరాన్ని కొలవాలి

"అమ్మ బాగా పెద్దదైపోయింది" అనుకుంటే ఏర్పాటుకు ఆధారం దొరకదు. వైద్యులు వాడే కొలత ఒకటుంది. సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ వైద్యుడు 1963లో ఆరు పనులతో ఒక జాబితా తయారు చేశాడు. స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, అన్నం తినడం. వీటిలో ఏది సొంతంగా చేసుకుంటున్నారు, ఏది సాయంతో చేస్తున్నారు, ఏది అసలు చేయలేకపోతున్నారు అని విడివిడిగా రాసుకోవాలి.

1969లో వచ్చిన లాటన్ జాబితా రెండోది. వంట, బజారు పనులు, మందులు వేళకు వేసుకోవడం, డబ్బు లెక్కలు, ఫోను వాడటం, బయటికి ప్రయాణం వంటివి ఇందులో ఉంటాయి. సాధారణంగా ఈ రెండో జాబితాలోని పనులే ముందు జారిపోతాయి. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం, చేసిన కూరనే మళ్లీ చేయబోవడం, మందుల పట్టీలో ఉండాల్సిన మాత్రలకు మిగిలిన మాత్రలకు లెక్క కుదరకపోవడం తొలి గుర్తులు. వీటిని చాదస్తం కింద కొట్టిపారేయకూడదు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి మతిమరుపు వ్యాధి, అంటే డిమెన్షియా, ఉందని ఒక జాతీయ అధ్యయనం 2023లో అంచనా వేసింది. తొందరగా గుర్తిస్తే డాక్టరు దాన్ని థైరాయిడ్, బి12 లోపం, దిగులు వంటి నయమయ్యే కారణాల నుంచి వేరు చేయగలరు.

ఈ కొలత వల్ల ఎలాంటి మనిషి కావాలో తేలుతుంది. రెండో జాబితాలోనే ఇబ్బంది ఉంటే వంటమనిషి, మందులు సర్దిపెట్టే మనిషి, వారానికోసారి వచ్చే బంధువు సరిపోతారు. మొదటి జాబితాలో ఒకటి రెండు తప్పితే పగలంతా ఉండే ఆయా కావాలి. మంచం నుంచి కుర్చీకి మారలేకపోతే, రాత్రిళ్లు లేపవలసి వస్తే, ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండాలి. ఆ పని ఒక్కరి వల్ల కాదు. రాత్రి మూడుసార్లు లేచినవాళ్లు పొద్దున పెద్దాయన్ని పట్టుకుని నడిపిస్తే ఇద్దరూ పడతారు. రెండు డ్యూటీలుగా ఇద్దర్ని పెట్టుకోవాలి, లేదా వారంలో కొన్ని రాత్రులకైనా మార్పు మనిషి ఉండాలి.

ఆయా వేరు, నర్సు వేరు

ఇంటికొచ్చే వారందర్నీ "నర్సు" అనడం మనకు అలవాటు. అందులో ప్రమాదముంది. ఏఎన్‌ఎం రెండేళ్ల చదువు, జీఎన్‌ఎం మూడేళ్లది, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లది. వీరికి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగి చూడవచ్చు. కేర్‌టేకర్, అటెండెంట్, ఆయా అనే పేర్లతో వచ్చేవారిలో ఎక్కువమందికి కొద్ది రోజుల శిక్షణో, ఆసుపత్రిలో పని చేసిన అనుభవమో ఉంటుంది. స్నానం చేయించడం, తినిపించడం, డైపర్ మార్చడం, నడిపించడం వాళ్లు చక్కగా చేస్తారు. మూత్రం గొట్టం మార్చడం, పుండుకు డ్రెస్సింగ్, సూదులు వేయడం వంటివి నర్సు పనులు. ఇవి వారానికి రెండుమూడు సార్లే అవసరమైతే రోజంతా నర్సును పెట్టుకోనక్కర్లేదు. రోజంతా ఆయా ఉండి, నర్సు వచ్చి వెళ్తే సరిపోతుంది. పక్షవాతం తర్వాత, తుంటి ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో ఫిజియోథెరపిస్టు రావడం కూడా అంతే అవసరం. ఆ రోజుల్లో కదలిక రాకపోతే తర్వాత రాబట్టడం కష్టమవుతుంది.

ఆయా ఎవరైనా ఆసుపత్రిలోనే, డిశ్చార్జికి ముందు, నర్సు పక్కన నిలబడి నేర్చుకోవలసిన పనులు కొన్నున్నాయి. మంచంలో ఉన్నవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే పిరుదుల పైన, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఎయిర్ బెడ్ వేసినా తిప్పడం మానకూడదు. ముక్కులోంచి గొట్టం పెట్టి ఆహారం ఇచ్చేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉంచాలి, ఇచ్చాక అరగంటకు పైగా అలాగే ఉంచాలి. ఇన్సులిన్ వేసుకుని భోజనం మానేస్తే సుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే వెంటనే సుగర్ చూసి, తెలివిలో ఉంటే తీపి ఇవ్వాలి.

దగ్గర్లో ఒక బాధ్యులు

దూరం నుంచి చేసే ఏర్పాట్లు ఎక్కువగా ఈ ఒక్కటి లేకే విఫలమవుతాయి. బ్యారేజీ దగ్గర లాకులెత్తినంత మాత్రాన శివారు భూములకు నీళ్లు అందవు, కాలువ పొడుగునా తిరిగి చూసే లస్కర్ ఉండాలి. పిల్లలు పంపే డబ్బుకూ అటువంటి మనిషి కావాలి. విజయవాడలో రాత్రి రెండు గంటలకు పెద్దాయనకు ఆయాసం వస్తే న్యూయార్క్‌లో అప్పుడు సాయంత్రం నాలుగున్నర, కొడుకు ఆఫీసు మీటింగులో ఉంటాడు. ఆ సమయంలో 108కి ఫోను చేయాలా, ఏ ఆసుపత్రికి వెళ్లాలి అన్నది తేల్చవలసింది ఇరవై నిమిషాల్లో ఇంటికి చేరగలిగిన మనిషి.

ఆ మనిషి మేనల్లుడు కావచ్చు, కింది వాటాలో అద్దెకున్నవారు కావచ్చు, నాన్నతో కలిసి పని చేసి రిటైరైన స్నేహితుడి కొడుకు కావచ్చు. ఎవరైనా సరే, "బాబాయ్, మీరే చూసుకోవాలి" అని ఓ మాటనేసి వదిలేస్తే మొహమాటం మిగులుతుంది, అధికారం ఉండదు. పిల్లలందరూ కలిసి ఆయనకు స్పష్టంగా చెప్పాలి: ఇన్ని వేల వరకు మమ్మల్ని అడక్కుండా ఖర్చు పెట్టండి, ఫలానా ఆసుపత్రికి తీసుకెళ్లండి, అడ్వాన్సు కట్టడానికి ఈ ఖాతా వాడండి. ఆయన అందుబాటులో లేనప్పుడు రెండో పేరు కూడా ఉండాలి. ఆయన సమయానికి విలువ కట్టి ఏదో రూపంలో ఇవ్వాలి. బంధుత్వం ఉంది కదా అని ఊరికే వాడుకుంటే ఆ బంధుత్వం ఎక్కువ కాలం మిగలదు.

ఊళ్లో ఉన్న అక్కో, చిన్న కొడుకో, అతని భార్యో చూసుకుంటున్న ఇళ్లలో వేరే చిక్కుంది. దూరాన ఉన్నవారు డబ్బు పంపుతారు కాబట్టి సలహాలిచ్చే హక్కు తమదనుకుంటారు. రోజూ మంచం పక్కన ఉండేది ఎక్కువగా కూతురో, కోడలో. ఆవిడ పని లెక్కలో కనిపించదు. సంక్రాంతికో, వేసవిలోనో వచ్చినప్పుడు ఆవిడకు పది రోజులు సెలవిచ్చి, ఆ పది రోజులూ మంచం పక్కన తామే ఉంటే దూరపు బిడ్డలకు ఆ పని బరువెంతో అర్థమవుతుంది, సలహాలూ మారతాయి.

ఏజెన్సీనా, తెలిసిన మనిషా?

ఏజెన్సీ ద్వారా వస్తే ఒక మనిషి మానేసినా ఇంకొకరు వస్తారన్న భరోసా ఉంది. కాకపోతే మనం కట్టే డబ్బులో పని చేసే మనిషికి చేరేదెంతో తెలియదు. అది తక్కువైతే ఆవిడ తరచూ మారిపోతుంది. ఈ ప్రశ్న ఏజెన్సీని సూటిగా అడగాలి. ఆధార్, పోలీస్ వెరిఫికేషన్, ఇంతకుముందు పని చేసిన ఇంటివారి ఫోన్ నంబరు, డిపాజిట్ తిరిగిచ్చే షరతులు, మార్పు మనిషిని ఎన్ని గంటల్లో పంపుతారు అన్నవి కూడా ముందే తేల్చుకోవాలి. తెలిసినవారి ద్వారా నేరుగా పెట్టుకుంటే నమ్మకం, నిలకడ ఎక్కువ. ఆవిడకు జ్వరమొచ్చిన రోజు ఎవరొస్తారన్నది మాత్రం మనమే చూసుకోవాలి.

ఏ దారైనా ఒక కాగితం రాసుకోవడం ఇద్దరికీ మంచిది. పని వేళలు, చేయవలసిన పనులు, చేయనక్కర్లేని పనులు, జీతం ఏ తేదీన, వారానికో సెలవు, పండగలకు ఊరెళ్లే రోజులు. పెద్దాయన్ని చూడటానికి వచ్చిన మనిషితో ఇంటిల్లిపాది గిన్నెలు తోమిస్తే ఆమె ఓపిక గిన్నెల దగ్గరే అయిపోతుంది. కెమెరా పెడితే హాల్లో, గుమ్మం దగ్గర మాత్రమే, అదీ ఆమెకూ పెద్దవారికీ చెప్పి పెట్టాలి.

మన ప్రాంతంలో ఇంకో సంగతి దాచకుండా చెప్పుకోవాలి. "మన వాళ్లలో ఎవరైనా ఉంటే చూడండి" అన్న షరతుతో వెతికేవారు ఇంకా ఉన్నారు. వచ్చిన మనిషికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టే ఇళ్లూ ఉన్నాయి. ఒళ్లు తుడిచే చేతులు కావాలి గానీ ఆ చేతులు మన కంచం ముట్టకూడదనుకోవడం అమానుషం. అలాంటి చోట ఆత్మాభిమానం ఉన్న మనిషి నిలవదు. ఆమెకూ ఊళ్లో పిల్లలుంటారు, ముసలి తల్లి ఉంటుంది. కడుపునిండా భోజనం, పడుకునే చోటు, నిద్రపోయే గంటలు, జబ్బు చేస్తే మందులు ఆమెకు దక్కవలసినవే. దక్కిన చోట పెద్దవారికి జరిగే సేవలో ఆ తేడా తెలుస్తుంది.

దూరం నుంచి ఎలా గమనించాలి?

వంద పేజీల రూళ్ల నోటు పుస్తకం ఒకటి మంచం పక్కన ఉంటే చాలు. తేదీ వేసి బీపీ, సుగర్, వేసిన మందులు, తిన్నదేమిటి, విరేచనం, నిద్ర రాసి, రాత్రికి ఫొటో తీసి పంపాలి. ఆయాకు రాయడం రాకపోతే గళ్లు గీసి టిక్కు పెట్టేలా చేయవచ్చు. డాక్టరు దగ్గరకెళ్లినప్పుడు మన జ్ఞాపకం కన్నా ఆ పుస్తకమే ఎక్కువ చెబుతుంది. డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీలు, పాత పరీక్షల రిపోర్టులు ఫొటోలు తీసి పిల్లలందరికీ అందేచోట పెట్టాలి.

వీడియో కాల్‌లో "బాగున్నావా అమ్మా?" అంటే "బాగానే ఉన్నాన్రా" అంటుంది. దూరాన ఉన్న బిడ్డను దిగులు పెట్టడం ఇష్టం లేక పెద్దలు చాలావరకు అలాగే అంటారు. కాబట్టి చూసి తెలుసుకోవాలి. నాలుగడుగులు నడవమనండి. కుర్చీలోంచి చెయ్యి ఆనకుండా లేస్తున్నారా? మందుల డబ్బా చూపించమనండి. నిన్న ఏం కూర చేశారో అడగండి. బట్టలు వదులైపోయాయా, చేతి మీద కమిలిన మచ్చలున్నాయా గమనించండి. వారానికోసారి ఆయా పక్కన లేకుండా అమ్మతో, అమ్మ పక్కన లేకుండా ఆయాతో విడివిడిగా మాట్లాడండి.

ఇంట్లో చేసే చిన్న మార్పులు పెద్ద ప్రమాదాలను ఆపుతాయి. పడిపోవడాలు ఎక్కువగా రాత్రిపూట బాత్రూముకు వెళ్లే దారిలో జరుగుతాయి. ఆ దారిలో చిన్న లైటు, గోడకు పట్టుకునే కడ్డీ, కమోడ్, జారని పట్టా, తడి ఆరబెట్టడం అవసరం. బీపీ మందు కొత్తగా మార్చినప్పుడు మంచం మీంచి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. ఒక నిమిషం కూర్చుని లేవడం అలవాటు చేయాలి.

ఆపద వచ్చిన రోజు

పక్షవాతానికి గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీశాకే. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అవనిగడ్డ, నాగాయలంక వైపు పల్లెల్లో ముందుగా పిలిచేది ఆర్‌ఎంపీ డాక్టర్నే. అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మనిషి ఆయనే కాబట్టి ఆయన్ని తీసిపారేయలేం. కానీ ఇలాంటి వేళ సెలైన్ పెట్టి తెల్లారేదాకా చూద్దామనుకుంటే గడువు దాటిపోతుంది. సీటీ స్కాను, ఆ మందు ఇచ్చే సదుపాయం ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని, పేరు, ఫోన్ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాలి. పక్కనే 108, బాధ్యుల నంబరు, రోజూ వేసుకునే మందుల పేర్లు, పడని మందుల పేర్లు ఉండాలి.

ప్రకృతి తెచ్చే ఆపదలు ఇక్కడ మామూలే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కరెంటు పోయింది, తాగే నీళ్లు లేవు, కొన్నిచోట్లకు డ్రోన్లతో ఆహారం అందించారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నమోదైంది. అలాంటి రోజున ఫోను ఛార్జింగ్ అయిపోతే విదేశంలో ఉన్న బిడ్డకు తల్లి క్షేమం తెలిసే దారే ఉండదు. కాబట్టి రెండు వారాల మందులు ఎప్పుడూ అదనంగా ఉండాలి. పవర్ బ్యాంకు, టార్చి, తాగునీటి డబ్బాలు, నడవలేని మనిషిని మేడ మీదికి ఎవరు చేరుస్తారన్న నిర్ణయం వానలకు ముందే సిద్ధం కావాలి. ఆక్సిజన్ యంత్రం, ఎయిర్ బెడ్ వాడే ఇంట్లో ఇన్వర్టర్ ఎంతసేపు నడుస్తుందో ముందే పరీక్షించి చూసుకోవాలి. ఇన్సులిన్‌ను చల్లగా ఉంచే ఏర్పాటు కూడా ఉండాలి. మే నెల ఎండ కూడా ఆపదే. 2015 మేలో వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. పెద్దవయసులో దాహం తెలియడం తగ్గుతుంది, అడక్కపోయినా నీళ్లు ఇస్తూ ఉండాలి.

డబ్బు, సంతకం, చట్టం

ఒక నిజం ముందుగా తెలుసుకోవాలి. ఆయా జీతాన్ని మామూలు ఆరోగ్య బీమాలు, ప్రభుత్వ వైద్య పథకాలు కట్టవు. 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు 70 ఏళ్లు నిండినవారికి, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు వర్తిస్తుంది. రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ కూడా ఆసుపత్రి చికిత్స కోసమే. ఇంట్లో సంరక్షణ ఖర్చు కుటుంబానిదే, అది నెలా నెలా, ఏళ్ల తరబడి ఉండే ఖర్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎవరెంత అన్నది మొదట్లోనే మాట్లాడుకుంటే తర్వాత మనస్పర్థలు రావు.

తల్లిదండ్రుల సేవింగ్స్ ఖాతాలో దగ్గరి బంధువైన ఎన్నారైను "ఐదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో చేర్చుకోవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్‌ను జీవన్ ప్రమాణ్ ద్వారా ఇంట్లోనే, ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు. "డిజిటల్ అరెస్టు" పేరుతో పెద్దలను బెదిరించి డబ్బు లాగే ముఠాల గురించి వాళ్లకు ముందే చెప్పాలి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి.

పవర్ ఆఫ్ అటార్నీ మీద చాలామందికి పొరపాటు నమ్మకం ఉంది. మన 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం రాసిచ్చినవారి మతి స్థిమితం పోతే ఆ అధికారం కూడా పోతుంది. అంటే సరిగ్గా అవసరమైన రోజున అది పనికిరాదు, సంరక్షకుడి నియామకం కోసం కోర్టుకు వెళ్లాలి. అందుకని జాయింటు ఖాతాలు, నామినీలు, వీలునామా పెద్దవారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే వారి ఇష్టప్రకారం పూర్తి కావాలి. కోలుకునే ఆశ లేని దశలో యంత్రాల మీద ఉంచవద్దని ముందే రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం సరిపోతాయి.

పెద్దలకు కూడా ఒక హెచ్చరిక. "చూసుకుంటాంలే" అన్న మాట మీద ఇల్లంతా గిఫ్ట్ డీడ్ చేసేయకండి. రాస్తే సంరక్షణ షరతును పత్రంలోనే రాయించండి. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం ఆ షరతు తప్పితే బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. ఆస్తిని తిరిగి స్వాధీనం చేసే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఊర్మిళా దీక్షిత్ కేసులో చెప్పింది. ఈ చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుంది. సలహా కోసం వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

ఇల్లు ఒక్కటే మోయగలదా?

ఎన్నారై బిడ్డలున్న ఇల్లు ఎలాగో నెట్టుకొస్తుంది. కూలి పనులకు హైదరాబాద్ వెళ్లిన కొడుకు దివిసీమలోని తల్లికి ఆయాను ఎక్కణ్ణుంచి పెడతాడు? ప్రభుత్వం పూర్తిగా మంచాన పడ్డవారికి 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. అది చాలా ఇళ్లకు ఊపిరి. కానీ డబ్బుతో పాటు పని తెలిసిన చేతులూ కావాలి. కేరళ 2008లో ఉపశమన సంరక్షణ విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సులను మంచాన పడ్డవారి ఇళ్లకు పంపుతోంది. సచివాలయం, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఉన్న మన పల్లెలకు అది అసాధ్యం కాదు. పుట్టిన ఊరికి గుడులు, కల్యాణ మండపాలు కట్టించే ప్రవాసులు రెండు మూడు ఊళ్లకు కలిపి ఒక నర్సు, ఒక ఫిజియోథెరపిస్టు, వాడుకుని తిరిగిచ్చే మంచాలు, వీల్‌చెయిర్లు ఏర్పాటు చేస్తే తమ తల్లితో పాటు పక్కింటి తల్లికీ ఆసరా దొరుకుతుంది.

పెద్దవారినే అడగాలి

ఇన్ని ఏర్పాట్లలోనూ తరచుగా ఎవరూ అడగని మనిషి ఒకరుంటారు. ఎవరి కోసం ఇదంతా చేస్తున్నామో ఆ మనిషే. తండ్రికి మగ అటెండెంట్ కావాలేమో, తల్లికి స్నానం వేళ కొత్త మనిషి దగ్గర సిగ్గేమో, పొద్దున్నే కాఫీ తన చేత్తో కలుపుకోవడం ఆమెకు ముఖ్యమేమో. అది కూడా మాన్పించి "నువ్వు కదలొద్దమ్మా" అంటే, ఇంకా చేతనవుతున్న పనినీ లాగేసుకున్నట్టే. చేయగలిగినంత చేయనిచ్చి, తప్పిన చోటే చెయ్యి అందించడం మంచి సంరక్షణ. మాట మరిచిపోతున్న తల్లికి కూడా ఇష్టాయిష్టాలు ఉంటాయి. ఎవరి చేత్తో పెడితే తింటోంది, ఎవరిని చూస్తే మొహం తిప్పుకుంటోంది అన్నదాన్ని బట్టి అవి తెలుస్తాయి.

"నాకిప్పుడేం ఎవరూ అక్కర్లేదు" అని మొదట అనడం సహజం. వాదించవద్దు. వంటకు సాయంగా రోజుకు రెండు గంటలు ఒక మనిషిని పెట్టి చూద్దామని అడగండి. అలవాటైతే ఆ గంటలు పెంచుకోవచ్చు. మొదట వచ్చిన మనిషి నచ్చకపోతే మార్చే హక్కు పెద్దవారిదేనని మాటివ్వండి.

వచ్చేసారి ఊరొచ్చినప్పుడు పెళ్లిళ్లు, గుళ్ల చుట్టూ తిరగడానికి ముందు రెండు రోజులు ఇంట్లో ఉండండి. ఆ రెండు జాబితాలు రాయండి, దగ్గరి బాధ్యులతో కూర్చుని మాట్లాడండి, గోడ మీద నంబర్లు అంటించండి, బాత్రూములో కడ్డీ బిగించండి. అమ్మానాన్నలు నిక్షేపంగా తిరుగుతున్న రోజుల్లోనే ఇదంతా చేయండి. కింద పడ్డాక నిర్ణయాలు డాక్టర్లు, ఏజెన్సీలు, దొరికిన బంధువులు తీసుకుంటారు. ముందే మాట్లాడుకున్న ఇంట్లో ఆ నిర్ణయాలు పెద్దవారివిగానే మిగులుతాయి.